రెండు వాసనలు

(యారాడ వనసమారాధనలో చేసిన ప్రసంగ పాఠం)



ఆల్డిహైడ్లు, కీటోన్లు అనగానే మనవలు ఇంటర్మీడియట్ పుస్తకం గుర్తొచ్చి మొహాలు ముడుచుకుంటున్నారు. కానీ ఇవి మన వంటింటికీ ఒంటికీ వచ్చిపోయే చుట్టాలే.

కార్బన్‌కు నాలుగు చేతులున్నాయనుకోండి. రెండు చేతులతో ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. మిగిలిన రెండింటిలో ఒక్కటైనా హైడ్రోజన్‌ను పట్టుకుంటే అది ఆల్డిహైడ్. రెండూ కార్బన్లనే పట్టుకుంటే కీటోన్. ఆ హైడ్రోజన్ వల్లనే ఆల్డిహైడ్‌కు దూకుడు ఎక్కువ.

ఆల్డిహైడ్లలో అతి చిన్నది ఫార్మాల్డిహైడ్. ఇది సుమారు 37 శాతం ఉన్న నీటి ద్రావణమే ఫార్మలిన్. ఘాటుగా ముక్కును మండిస్తుంది. ప్రొటీన్లను ఒకదానితో ఒకటి ముడివేసి, కుళ్ళకుండా చేస్తుంది. అందుకే కాలేజీ ల్యాబుల్లో జంతువుల కళేబరాలను ఇందులో ఉంచుతారు. తినే చేపకు మాత్రం దీన్ని వాడకూడదు. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని క్యాన్సర్ కారకమని తేల్చింది. 2018 జూలైలో ఫార్మలిన్ ఉందంటూ అస్సాం ప్రభుత్వం మన రాష్ట్రపు చేపలను పది రోజులపాటు నిషేధించింది.

అయితే ఒక్క మాట. సముద్రపు చేపల్లో, ముఖ్యంగా ఐసులో చాలాకాలం నిలవ ఉన్నవాటిలో, సహజంగానే కొంత ఫార్మాల్డిహైడ్ పుడుతుంది. కనుక ఆనవాలు కనబడగానే అమ్మేవాళ్ళను దొంగలనకూడదు. ఎంత ఉందన్నదే అసలు ప్రశ్న. దాన్ని కొలిచి చెప్పవలసింది ప్రయోగశాల. చేప బిరుసుగా ఉండి, చేప వాసనే లేకపోతే కొనకండి. యారాడ ఒడ్డున పొద్దున్నే దిగే చేపకు మందుతో పనేముంది?

ఇక కీటోన్లలో అతి చిన్నది ఎసిటోన్. గోళ్ళరంగు తుడిచే మందు వాసన మీ కోడళ్ళకు తెలుసు. మన ఒంట్లోనూ ఇది తయారవుతుంది. ఉపవాసం ఉన్ననాడు కొంచెం పుట్టడం సహజమే. ఇన్సులిన్ చాలకపోతే మాత్రం ఒళ్ళు చక్కెరను వాడుకోలేక కొవ్వును కరిగిస్తుంది. అప్పుడు కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లమవుతుంది. ఊపిరి మాగిన పండు వాసన వేస్తుంది.

మనలో షుగరు ఉన్నవారు ఎందరో చేతులెత్తమంటే సభ సగం లేస్తుంది. అందుకే చెబుతున్నాను. ఆ వాసనతోపాటు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత ఉంటే తెల్లవారేదాకా ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. జ్వరమొచ్చి అన్నం తినలేదని సొంతంగా ఇన్సులిన్ మానకండి, డాక్టరును అడగండి. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే మాత్రలు వాడేవారికి షుగరు మరీ పెరగకుండానే ఈ ప్రమాదం రావచ్చు.

వయసు మీద పడితే ముక్కు మొద్దుబారుతుంది. పైగా ఎసిటోన్ వాసన పసిగట్టలేనివారూ ఉంటారు. కనుక మీ ఊపిరి సంగతి మీకు తెలియకపోవచ్చు. పక్కనున్న ఇల్లాలికో, పిల్లలకో తెలుస్తుంది. మందుల షాపులో దొరికే కీటోన్ పట్టీని మూత్రంలో ముంచినా ఊదారంగు తిరిగి చెబుతుంది. ఈ మాట ఇంటిల్లిపాదికీ చేరితే నా ప్రసంగం ఫలించినట్లే.