కోత యెఱుగని కాగితము



ఈ వేదికపై కూర్చుండగనే నా చేతికొక కాగితము నిచ్చిరి. నేటి కార్యక్రమము దానియందు వరుసగా ముద్రితమై యున్నది. స్నాతకోత్సవమున పెద్దలు ధర్మమును గూర్చియు, దేశసేవను గూర్చియు పలుకుట ఆచారము; ఆ పలుకులయెడ నాకు గౌరవము కలదు; అయినను నలువది యేండ్లు భౌతికశాస్త్రము బోధించినవాడనగుటచే, నాకు నిజముగా తెలిసిన విషయమునే మీకు చెప్పదలచి, ఈ కాగితమునే నా ప్రసంగవస్తువుగా గ్రహించుచున్నాను.

చూడుడు. దీని నిడివి 297 మిల్లీమీటర్లు, వెడల్పు 210. అనగా చదరపు మీటరులో పదునాఱవ పాలు. చదరపు మీటరునకు 80 గ్రాములు తూగు సామాన్యపు కాగితమగుటచే దీని బరువు 5 గ్రాములు. నిలువున నొకసారి నడుమకు మడిచి విప్పితిని. ఆ గీత యిక నీ కాగితమున్నంత కాలము చెఱగదు. పైమూలలు రెంటిని ఆ నడిమిగీత కడకు తెచ్చి, బొటనవ్రేలి గోటితో నొక్కి దువ్వితిని. ఏర్పడిన మొనను క్రిందికి వంచి, మరల మూలలను నడుమకు చేర్చితిని. వాని క్రిందుగా తొంగిచూచుచున్న యీ చిన్న త్రిభుజమును పైకి మడిచి, ఆ మూలలను కదలకుండ బిగించితిని. ఈ త్రిభుజము వెలుపలనుండునట్లు అంతయు రెండుగా మడిచి, రెక్కలను దింపితిని; కాగితపు విమానము సిద్ధమైనది. జిగురు లేదు, గుండుసూది లేదు, కత్తెర లేదు. అయిదు గ్రాములు అయిదు గ్రాములుగనే యున్నవి.

ఈ కాగితము మడుచు విద్య జపానునుండి మనకు వచ్చినదని మీరనుకొందురేమో. ఓరిగామి యను పేరు వారిదే. ఓరు అనగా మడుచుట, కామి అనగా కాగితము. కర్మాగారమున తోటిపనివారికి కాగితపు మడతలతో రేఖాగణితము బోధించిన అకిరా యోషిజావా, తరువాతి కాలమున మడతలను సూచించు గుర్తుల భాషను కల్పించి, 1954లో ప్రకటించిన గ్రంథముద్వారా దానిని లోకమునకందించెను. ఆ గౌరవము వారికే చెల్లును. కాని అంతకు అఱువదియేండ్ల పూర్వమే, 1893వ సంవత్సరమున, ఈ బళ్లారిసీమ యింకను మదరాసు రాజధానిలో నొక జిల్లాగా నున్న దినములలో, టి. సుందరరావను గణితవేత్త మదరాసునందు ఆంగ్లమున నొక గ్రంథము ప్రకటించి, వృత్తలేఖిని ముట్టకయే చతురస్రమును, సమబాహు త్రిభుజమును, పంచభుజిని, తుదకు పరవలయము మొదలగు వక్రములమీది బిందువులను సైతము మడతలచేతనే యెట్లు రాబట్టవచ్చునో నిరూపించెను. జర్మనీదేశపు మహాగణితజ్ఞుడు ఫెలిక్స్ క్లైన్ తన యుపన్యాసములందు పేర్కొనుటచే ఆ గ్రంథము పాశ్చాత్యుల కంటబడి, 1901లో చికాగోనగరమున పునర్ముద్రితమయ్యెను. మన పాఠశాలలలో దానిని చదివించు ఉపాధ్యాయులు అరుదు. ఇది నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము. గ్రంథముల మాట యట్లుండనిండు. తమలపాకును చిలకగా చుట్టి లవంగము గ్రుచ్చిన మన అవ్వలును, పాతపత్రిక ముక్కలో చక్కెర పోసి, చివరి మడతను లోనికి దూర్చి, దారము లేకయే పొట్లమును నిలిపిన అంగడి శెట్టియు ఈ విద్యలో ప్రవీణులే కదా.

ఇపుడు గాలి సంగతి. మడవని కాగితమును విసరితిమేని అది ఊగుచు, దొర్లుచు నేలకు రాలును. ఏలయన, పలకను పైకెత్తు గాలిబలము దాని ముందంచునకు చేరువగా పనిచేయును, బరువేమో సరిగా నడుమనుండును. ఈ రెండును ఒకచోట పొసగమిచే ముందంచు పైకి లేచి కాగితము వెనుకకు తిరుగబడును. మనము మడిచిన మడతల ప్రయోజనమిదియే: ఇసుమంత బరువైనను చేర్చక, ఉన్న యైదు గ్రాములనే పొరలు పొరలుగా ముక్కుకడకు తెచ్చి, గరిమనాభిని ముందునకు జరుపుట. అటుపిమ్మట సర్దుబాటు. ముక్కు నేలజూచినచో రెక్కల వెనుకయంచులను వెంట్రుకవాసి పైకెత్తవలెను. ముక్కెత్తి, తడబడి, వేగముడిగి కూలినచో ఆ యంచులను కించిత్తు దింపవలెను. ఎడమకే తిరుగుచున్నచో విమానమును కంటియెదుట నిలిపి యే రెక్క మెలిపడినదో చూడవలెను. రెక్కల కొనలు మొదళ్లకన్న ఎత్తుగా నుండినయెడల, ఒకవైపు ఒరిగినను అది తానై కుదురుకొనును.

ఒకప్పుడు నా తరగతిలో, పరీక్షలలో వెనుకబడినవాడని పేరుపడిన బాలుడొకడు, ఒకే విమానమును ఒక మధ్యాహ్నమంతయు విసరుచు, ప్రతిసారియు తాను చేసిన మార్పును రెక్కపై పెన్సిలుతో చుక్కలుగా గుర్తుపెట్టుకొనుచుండెను. సాయంకాలమునకు ఆ రెక్క నల్లబడినది. విమానము మాత్రము వరండా ఈ చివరనుండి ఆ చివరకు గీతగీసినట్లు పోయినది. తక్కినవారు ఆ మధ్యాహ్నమే పదేసి విమానములు మడిచి, ఒక్కటియు సర్దక, అన్నిటిని పాఱవైచిరి. నాకు తెలిసినంతలో చెడిన విమానములలో అధికభాగము మడతలోపముచే గాక, ఈ తొందరచేతనే చెడినవి.

పెద్దవారి చరిత్రయు నిట్టిదే. 1998లో అమెరికాదేశస్థుడగు కెన్ బ్లాక్‌బర్న్ కాగితపు విమానమును 27.6 సెకండ్లు గాలిలో నిలిపెను. జపానుదేశపు ఇంజనీరు తకువో తోడా, కత్తెర తాకని ఒకే కాగితము అను నియమమును వ్రతముగా పాటించి, 2010 డిసెంబరులో 29.2 సెకండ్లు నిలిపెను. నడుమ గడచినవి పండ్రెండేండ్లు, పెరిగినది 1.6 సెకండ్లు. ఆ 1.6 సెకండ్లను నేను గొప్ప పాండిత్యముగా నెన్నుచున్నాను. దూరపు పోటీలో మఱియొక విశేషము కలదు: 2012 ఫిబ్రవరిలో జాన్ కాలిన్స్ మడిచిన విమానము 69.14 మీటర్లు పోయెను గాని, దానిని విసరినవాడు కాలిన్స్ కాడు, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో భుజబలము సాధించిన జో అయూబ్. మడుచువానికి విసరువాని చేయి తెలియవలెను, విసరువానికి మడత మర్మము తెలియవలెను. అటుపై 2022 డిసెంబరు 2న మువ్వురు యువ ఇంజనీర్లు ఆ దూరమును 88.318 మీటర్లకు పెంచిరి.

మన యీ కురుగోడు దొడ్డబసవేశ్వరాలయమున ఏకశిలానందిని మీరందఱును చిన్ననాటినుండియు చూచుచున్నారు. దానిని చెక్కిన శిల్పి, ఒక్కశిలనుండి తీసివేయుచు తీసివేయుచు ఆ రూపమును వెలికి తెచ్చెను. తీసినదానిని మరల అతికించు వీలు అతనికి లేదు. కాగితము మడుచువానికి తీసివేయుటకును వీలు లేదు, చేర్చుటకును వీలు లేదు. ఇచ్చినదానిని ఇచ్చినంతలోనే యుంచి, దాని అమరికను మాత్రము మార్చవలెను. ఈ రెండవ నియమమే కఠినతరమని నా యభిప్రాయము, మీలో పెక్కుమంది జీవితములకు వర్తించునదియు నదియే. ఇంటి పరిస్థితులను, ఊరిని, భాషను ఎవరును కోరి తెచ్చుకొనలేదు గదా.

భాష యనగా జ్ఞప్తికి వచ్చినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమవతరించినప్పుడు బళ్లారి జిల్లా విభజింపబడి, ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరగా, బళ్లారియు, దానితో మన కురుగోడును మైసూరురాష్ట్రమునకు చెందెను. ఆ గీతను కోతగా భావించి దుఃఖించిన పెద్దలను నేనెఱుగుదును. వారి దుఃఖము నిజమైనదే. అయినను నేను దానిని మడతయనియే యందును. కోసిన కాగితము రెండు ముక్కలగును. మడిచిన కాగితము రెండు తలములై యుండియు ఒక్క కాగితముగనే నిలుచును. మడవని కాగితమును ఒక చివర పట్టుకొనినచో వ్రేలాడును. నడుమ మడత పడినదా, బద్దవలె బిగిసి నిలుచును. ఇంట తెలుగు, అంగడిలో కన్నడము మాటలాడు మీ నాలుకకు ఆ బిగువు కలదు. తెలుగున మడత యన్నదే కన్నడమున మడికె, ధాతువు ఒక్కటే.

ఈ మడతల విద్య ఎందులకు పనికివచ్చునని యడుగువారికి ఒక్కమాట చెప్పి విరమింతును. శ్రీహరికోటనుండి ఉపగ్రహము లేచునప్పుడు, దాని సౌరఫలకములు రాకెట్టు శిరోభాగమున ముడుచుకొని కూర్చుండి, అంతరిక్షమును చేరిన పిదప విచ్చుకొనును. జపాను శాస్త్రవేత్త కోర్యో మియురా కల్పించిన మడత 1995లో అట్లే అంతరిక్షమున విప్పారెను. శ్రీహరికోట అంతరిక్షకేంద్రము ఎవరి పేరు దాల్చినదో ఆ సతీశ్ ధవన్‌గారు పక్షుల ఎగురుటను గూర్చి ఒక శాస్త్రగ్రంథమునే రచించిరి. రాకెట్లను నడపినవారికి పక్షిరెక్క చిన్న విషయముగా తోచలేదు.

విద్యార్థులారా, ఒకవైపు వ్రాసిన కాగితములు మీ యింట నెన్నియో యుండును, వానిని పాఱవేయకుడు. వచ్చు ఆదివారము మీ వీధిబడి పిల్లలను పదిమందిని గాలివిసరు లేని వరండాకు పిలిచి, నేనిపుడు మడిచినట్లు మడుచుట నేర్పుడు. ఒక కొలటేపును, ఒక గడియారమును, ఒక నోటుపుస్తకమును వెంటగొనిపొండు. ప్రతి విసరునకు పోయిన దూరమును, చేసిన సర్దుబాటును పిల్లలచేతనే వ్రాయింపుడు. ఆ పుస్తకములను వచ్చు సంవత్సరపు స్నాతకోత్సవమునకు తెండు. చూచుటకు నేను వత్తును.