పురస్కారం మీద సంతకం ఎవరిది?

(సంవత్సరాంత సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సంవత్సరం చివరికి వచ్చింది. ఏ సినిమా ఎన్ని కోట్లు రాబట్టిందో పత్రికలన్నీ పట్టికలు వేస్తున్నాయి. ఎవరికి ఏ పురస్కారం వచ్చిందో టీవీల్లో చర్చలు సాగుతున్నాయి. నిర్వాహకులు మాకు అప్పగించిన అంశం ‘సినిమా, మైనారిటీలు’. ఒక్క పూటలో తెమిలే అంశం కాదు. అందుకే ఒక్క ముక్కనే తీసుకుంటున్నాం. సినిమా వసూళ్లు ఒక తీర్పు, ప్రభుత్వ పురస్కారం మరొక తీర్పు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల మనం నిలదీయవలసిన చోట ఊరుకుంటున్నాం, ఊరుకోవలసిన చోట కేకలు వేస్తున్నాం.

ముందు వసూళ్ల సంగతి. మన దేశంలో సినిమా వసూళ్లకు ప్రభుత్వ లెక్క అంటూ లేదు. నిర్మాత పోస్టర్ మీద వేసుకున్న అంకె, వ్యాపార వర్గాల అంచనా, ఈ రెండే మనకు దిక్కు. కాబట్టి అంకెలను కాస్త ఉజ్జాయింపుగానే చెప్పుకుందాం. 2022 డిసెంబరులో ‘పఠాన్’ చిత్రంలోని ఒక పాటలో కథానాయిక ధరించిన దుస్తుల రంగు మీద ఎంత రాద్ధాంతం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. బహిష్కరించమన్నారు, దిష్టిబొమ్మలు తగులబెట్టారు. జనవరిలో సినిమా విడుదలైంది. ప్రపంచవ్యాప్తంగా వెయ్యి కోట్లు దాటింది. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన ‘జవాన్’ దానినీ మించిపోయింది. రెండింటిలోనూ కథానాయకుడు షారుఖ్ ఖాన్. ‘జవాన్’లో ప్రాణవాయువు అందక పిల్లలు చనిపోతే, సిలిండర్ల కోసం పరుగులు తీసిన వైద్యురాలినే దోషిని చేసే ఘట్టం ఉంది. 2017 నాటి గోరఖ్‌పూర్ ఆసుపత్రిని తలచుకోకుండా దానిని చూడలేం. ఆ ఘట్టం చూసి చప్పట్లు కొట్టింది ఎవరు? ఈ దేశ ప్రజలే. టిక్కెట్లు కొన్నవారిలో అత్యధికులు మన మతం వారు కారు.

ఆ ఏడాది మే నెలలోనే ‘ది కేరళ స్టోరీ’ వచ్చింది. అది కూడా దాదాపు 300 కోట్లు రాబట్టింది. ఆ సినిమా ఆడిన రోజుల్లో మాకు తెలిసిన ఒక డిగ్రీ విద్యార్థిని వారం రోజులు కళాశాల ముఖం చూడలేదు. పక్క బెంచీ అమ్మాయి నవ్వుతూనే అడిగిందట, “మీ అన్నయ్యతో మాట్లాడడం ప్రమాదమా?” అని. అడిగిన అమ్మాయిని మేము తప్పుపట్టడం లేదు. మూడు గంటలు చీకట్లో కూర్చోబెట్టి చెప్పిన మాటను ఆమె వెలుతురులో తిరిగి అడిగింది, అంతే.

ఇక ఈ ఏడాది, 2025. ఫిబ్రవరిలో వచ్చిన ‘ఛావా’ దాదాపు 800 కోట్లు వసూలు చేసింది. మార్చిలో తెలుగు మాటలతో మన ఊళ్లకూ వచ్చింది. శంభాజీ వీరగాథను తెరకెక్కించే హక్కును ఎవరూ కాదనలేరు. ఔరంగజేబును సమర్థించే పూచీ కూడా మనకు లేదు. అయితే మార్చి 17న నాగపూర్‌లో హింస చెలరేగినప్పుడు, ఆ సినిమా తరువాత జనంలో ఔరంగజేబు మీద ఆగ్రహం రగిలిందని సాక్షాత్తూ మహారాష్ట్ర ముఖ్యమంత్రే శాసనసభలో అన్నారు. మూడు శతాబ్దాల క్రితం పోయిన చక్రవర్తి మీది ఆగ్రహం ఇవాళ్టి దుకాణాల మీదికి, బళ్ల మీదికి ఎలా మళ్లుతుందో ఆలోచించండి. ఇదే సినిమా చూసి మధ్యప్రదేశ్‌లోని బుర్హాన్‌పూర్ దగ్గర, అసీర్‌గఢ్ కోట చుట్టుపక్కల పొలాల్లో జనం రాత్రిపూట దీపాలు పెట్టుకుని మొఘలుల బంగారు నాణేల కోసం తవ్వారు. నవ్వు వచ్చే సంగతే. కానీ తెర మీద చూసినదంతా నిజమని జనం ఎంతగా నమ్ముతారో తెలుసుకోవడానికి ఆ గుంతలు చాలు.

ఇంతవరకు చెప్పినది సంత వ్యవహారం. సంతలో ఎవరి సరుకు వారు అమ్ముకుంటారు. మనకు నచ్చకపోతే కొనకుండా ఉంటాం, తప్పని వాదిస్తాం, అబద్ధమైతే న్యాయస్థానానికి వెళతాం. ‘కేరళ స్టోరీ’ విషయంలో అది ఫలించింది కూడా. 32 వేల మంది యువతులు మతం మారి ఉగ్రవాదంలోకి వెళ్లారన్న ప్రచారానికి ప్రామాణికమైన ఆధారం లేదనీ, ఇది కల్పిత కథనమనీ తెర మీద ప్రకటించాలని 2023 మే 18న సుప్రీంకోర్టు ముందు నిర్మాత ఒప్పుకోవలసి వచ్చింది. అదే రోజు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం విధించిన నిషేధాన్నీ కోర్టు నిలిపివేసింది. రెండూ సబబైన నిర్ణయాలే. మనలో కొందరు మొదటిదానికి సంతోషించి రెండవదానికి నొచ్చుకున్నారు. ఇవాళ వారి సినిమాను ఆపమన్న నోటితో రేపు మన సినిమాను ఆపవద్దని ఎలా అడుగుతాం?

పురస్కారం సంగతి వేరు. అక్కడ సంతకం పెట్టేది నిర్మాత కాదు, ప్రేక్షకుడు కాదు. ప్రభుత్వం. అంటే మీరూ మేమూ. 2025 ఆగస్టు 1న ప్రకటించిన 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ దర్శకుడిగా ‘ది కేరళ స్టోరీ’ దర్శకుడు సుదీప్తో సేన్‌ను ఎంపిక చేశారు. ఛాయాగ్రహణ పురస్కారమూ ఆ చిత్రానికే దక్కింది. దర్శకుడికి స్వర్ణ కమలం, 3 లక్షల రూపాయలు. అది మన పన్నుల సొమ్ము. ఆధారం లేదని దేశపు అత్యున్నత న్యాయస్థానం ముందు ఒప్పుకున్న చిత్రానికి, అదే దేశం దర్శకత్వంలో ప్రథమ స్థానం ఇచ్చింది. జ్యూరీలోని మలయాళీ సభ్యుడు తాను అభ్యంతరం చెప్పానని తరువాత బహిరంగంగానే అన్నారు. కేరళ ముఖ్యమంత్రి ఖండించారు. సెప్టెంబరు 23న రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రదానం జరిగిపోయింది.

అదే వేదిక మీద షారుఖ్ ఖాన్ ‘జవాన్’కు తన మొదటి జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం అందుకున్నారు. “ఇద్దరికీ ఇచ్చారు కదా, ఇంకేం కావాలి?” అని ఒక మిత్రుడు మమ్మల్ని అడిగాడు. ఒకరికి నటనకు పురస్కారం ఇస్తే, మరొకరికి ఒక సమాజం మీద మోపిన నింద చల్లారిపోతుందా? పైగా పరిశీలనకు వచ్చి కూడా ఏ పురస్కారానికీ నోచుకోని ‘ఆడుజీవితం’ ఉంది. ఎడారిలో మేకల మధ్య బానిసగా చిక్కుకున్న నజీబ్ కథ అది. కరీంనగర్ నుంచి, కడప నుంచి గల్ఫ్‌కు వెళ్లి వచ్చిన మన అన్నదమ్ములను అడగండి, ఆ కథ ఎంత నిజమో చెబుతారు.

ఇప్పుడు మాకు అన్నింటికన్నా బాధ కలిగించిన విషయం చెబుతాం. జాతీయ సమైక్యతను చాటే చిత్రానికి ఇచ్చే పురస్కారం నర్గీస్ దత్ పేరిట ఉండేది. నర్గీస్ అసలు పేరు ఫాతిమా రషీద్. ‘మదర్ ఇండియా’లో తల్లిగా ఈ దేశం మనసులో నిలిచిపోయిన నటి. ఆమె పేరు పెట్టక ముందే ఈ కోవలోని పురస్కారం ‘గరమ్ హవా’కు వచ్చింది. దేశ విభజన తరువాత ఆగ్రాలో మిగిలిపోయిన ఒక చెప్పుల వ్యాపారి కుటుంబం కథ. అల్లర్లు జరుగుతాయేమోనన్న భయంతో సెన్సార్ దగ్గర నెలల తరబడి నిలిచిపోయిన ఆ చిత్రానికే చివరికి సమైక్యతా పురస్కారం ఇచ్చారు. మన తెలుగులో ‘సప్తపది’కి, ‘రుద్రవీణ’కు ఈ గౌరవం దక్కింది. అటువంటి పురస్కారాన్ని 2023లో ‘ది కశ్మీర్ ఫైల్స్’కు ఇచ్చారు. కశ్మీరీ పండితుల కష్టం నిజం. వారి వలస ఈ దేశపు సిగ్గు, దానిని ఏ ముస్లిమూ చిన్నది చేయకూడదు. కానీ ఆ చిత్రం ఆడిన కొన్ని థియేటర్లలో జనం లేచి నిలబడి మనకు వ్యతిరేకంగా చేసిన నినాదాల వీడియోలు దేశమంతా చూసింది. దానిని సమైక్యత అన్నారు. కొన్ని నెలలు తిరగకుండానే, 2024 ఫిబ్రవరిలో, ఆ పురస్కారం నుంచి నర్గీస్ పేరు తొలగించారు. ‘జాతీయ, సామాజిక, పర్యావరణ విలువల’ చిత్రమని కొత్త పేరు పెట్టారు. పేరుతోపాటు ‘సమైక్యత’ అన్న మాట కూడా పోయింది. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మనమూ మాట్లాడలేదు.

ఢిల్లీని తిట్టి ఇంటికి వెళ్లిపోతే సరిపోదు. ఈ జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట తొలిసారి చలనచిత్ర పురస్కారాలు ఇచ్చింది. గద్దర్ పేరు పెట్టినందుకు సంతోషించాం. ఆ జాబితాలో చరిత్ర, వారసత్వ విభాగంలో ‘రజాకార్’ పేరు చదివి నిర్ఘాంతపోయాం. రజాకార్ల దురాగతాలు కట్టుకథలు కావు. వాటిని ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో వారి చేతిలో హతుడైన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిమే. పోలీసు చర్య తరువాత 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. చరిత్ర విభాగమని పేరు పెట్టినప్పుడు ఈ మూడూ ఒకే చరిత్రలోవని జ్యూరీకి గుర్తుండవద్దా? గద్దర్ తెర మీద పాడిన ‘మా భూమి’ చిత్రానికి ఆధారం కృషన్ చందర్ రాసిన ఉర్దూ నవల. ఆ చిత్రం ఆ కాలాన్నే చూపింది. దోపిడీని దోపిడీగా చూపింది.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. ఈ సెప్టెంబరులో ‘హోమ్‌బౌండ్’ వచ్చింది. ఒక దళిత యువకుడు, ఒక ముస్లిం యువకుడు, వారి స్నేహం, లాక్‌డౌన్ నాటి దారి. కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు, ఆస్కార్‌కు దేశం తరఫున పంపారు. ఇక్కడ వసూళ్లు కొద్ది కోట్ల దగ్గరే ఆగిపోయాయి. మేము హైదరాబాద్‌లో రెండవ వారం చూసినప్పుడు హాలులో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే ఉన్నారు. ‘ఛావా’ మీద వాట్సాప్‌లో వందల సందేశాలు పంపిన మన సోదరులు ఒక్క టిక్కెట్టు కొనలేదు.

మీ బల్లల మీద రెండు తీర్మానాల ప్రతులు ఉన్నాయి. ఒకటి కేంద్ర సమాచార ప్రసార శాఖకు, ఒకటి తెలంగాణ చలనచిత్ర అభివృద్ధి సంస్థకు. నిషేధం అన్న మాట ఎక్కడా లేదు. ఎంపికకు జ్యూరీ చెప్పిన కారణాలను, సభ్యుల అసమ్మతితో సహా ప్రచురించాలని అడిగాం. సమైక్యతా పురస్కారాన్ని ఆ పేరుతోనే తిరిగి నెలకొల్పాలని అడిగాం. సినిమాలకు పన్ను మినహాయింపు ఇచ్చే పక్షంలో ఏ ప్రాతిపదికన ఇస్తున్నారో రాతపూర్వకంగా చెప్పాలని అడిగాం. వంద రూపాయలు దాటిన టిక్కెట్టు మీద జీఎస్టీ 18 శాతం. అందులో సగం రాష్ట్రానిది. వదులుకునేది ఆ సగమే అయినా, వదులుకునేది ఖజానా కాబట్టి అడిగే హక్కు మనకు ఉంది. చదవండి, మార్పులు ఉంటే మార్జిన్‌లో రాయండి. మధ్యాహ్న భోజనానికి ముందే సంతకాలు పూర్తిచేసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.