కౌజు లేని కౌజు పులుసు



మా ఇంట్లో ఒక వంటకం ఉన్నది. దాని పేరు కౌజు పులుసు. నాకు బుద్ధి తెలిసిన నాటినుండి దానిని తింటున్నాను గాని, ఇంతవరకు ఒక్కనాడైనా అందులో కౌజు పిట్ట పడగా చూడలేదు. పడేది నాటుకోడి. పేరు మాత్రం కౌజుది.

చిన్నతనంలో ఒకసారి మా మామ్మను అడిగాను: "మామ్మా, ఇందులో కౌజేదీ?" అని. ఆమె గరిటె ఆపకుండానే, "తెల్లవారి మెట్టచేలో కూత వినలేదురా? అక్కడుంది. చట్టిలోకి వస్తే కూతెవరు కూస్తారు?" అన్నది. ఆనాడు నవ్వి ఊరుకున్నాను. నాకు నలభై దాటిన తరువాతగాని ఆ మాటలోని బరువు తెలిసి రాలేదు. ఈనాటి ప్రసంగంలో మా ఇంటి వంటలు రెండు మూడు మీతో పంచుకోవాలనుకుంటున్నాను. వాటితోపాటు ఆ మాటను కూడా.

మా మామ్మ కాపురానికి వచ్చినది నాగావళి ఒడ్డునున్న ఒక పల్లెకు. ఆమె పడుచుతనంలో చేలు కోతకు వచ్చేవేళ వలలవాళ్ళు కౌజులను, పూరేడు పిట్టలను బుట్టలలో పెట్టుకొని ఇంటింటికీ తెచ్చేవారట. చుట్టమొస్తే కౌజు పులుసు పెట్టడం ఒక మర్యాద. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991లో దానికి జరిగిన సవరణతో, అనుమతి పత్రం పుచ్చుకొని వేటాడే పద్ధతి కూడా పోయింది. నేడు అడవి కౌజును పట్టడం, చంపడం, అమ్మడం నేరం. ఫారాలలో పెంచి అమ్మే జపాను పూరేడు సంగతి వేరు. చేలో తిరిగే పిట్టను మాత్రం తాకరాదు.

మామూలుగానైతే పిట్టతోపాటు పులుసు కూడా మరుగున పడిపోవలసినదే. మామ్మ పడనివ్వలేదు. కౌజు మాంసంలో కొవ్వు తక్కువ. మంట ఎక్కువైతే పీచులా ఎండిపోతుంది. అందుకే మా ప్రాంతంలో దానిని నువ్వుల ముద్దలో, నువ్వుల నూనెలో, సన్నని సెగమీద ఉడికించేవారు. ఆ నువ్వులే ఆ పులుసుకు ప్రాణం. ఆ సంగతి గ్రహించి ఆమె పిట్టను వదిలి, నువ్వులను నిలుపుకొన్నది.

చేసే విధానం చెబుతాను. కిలో నాటుకోడి ముక్కలకు ఉప్పు, పసుపు, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి ఒక గంట ఉంచవలె. మూకుడులో మూడు చెంచాల ధనియాలు, ఎనిమిది ఎండుమిరపకాయలు, పది మిరియాలు, నాలుగు లవంగాలు దోరగా వేయించవలె. మూడు చెంచాల నువ్వులను మాత్రం విడిగా వేయించవలె. అవి చిటపటమనగానే దించాలి; నల్లబడితే పులుసంతా చేదవుతుంది. అన్నీ కలిపి, కాసిని నీళ్ళు చిలకరించి మెత్తగా నూరవలె. మట్టి దాకలో రెండు గరిటెల నువ్వుల నూనె కాగిన తరువాత రెండు పెద్ద ఉల్లిపాయల తరుగును ఎర్రగా వేయించి, ముక్కలు వేసి, వాటిలోని నీరు ఇగిరేదాకా మగ్గనివ్వాలి. అప్పుడు నూరిన ముద్ద వేసి, ముక్కలు మునిగేటట్లు వేడినీళ్ళు పోసి, మూతపెట్టి సన్నని సెగమీద ఉంచాలి. కౌజుకు అరగంట చాలునట. నాటుకోడికి గంట పైచిలుకు పడుతుంది. ముక్క మెత్తబడిన తరువాతనే నిమ్మకాయంత చింతపండు పిసికిన పులుసు పోయాలి. ముందే పోస్తే ముక్క బిరుసెక్కుతుంది. నూనె పైకి తేలిందంటే పులుసు అయినట్లే. వేడి అన్నంలోకిగాని, మినపగారెలతోగాని దీనికి సాటి లేదు.

పిట్టను పిట్టగా చూడడం మా జిల్లాకు కొత్తగా వచ్చిన విద్య కాదు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా వానలు వెనుకపట్టే వేళ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి, ఊళ్ళో చెట్లమీద గూళ్ళు కట్టి, పిల్లలను చేసుకొని, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి. ఆ ఊరివారు వాటిని పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులంటారు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి చిల్లుముక్కు కొంగలు వస్తాయి. అక్కడా అదే ఆదరణ. కౌజు పులుసు వండిన చేతులూ, కొంగలకు కాపలా కాసిన చేతులూ ఈ నేలవే.

ఇక రొట్టె సంగతి. శ్రావణ భాద్రపదాలలో తాటిపళ్ళు రాలతాయి. పండు తొక్క ఒలిచి, టెంకలను నీళ్ళు చిలకరించి పిసికితే పసుపుపచ్చని గుజ్జు వస్తుంది. దానిని పలుచని గుడ్డలో వడగట్టవలె. రెండు గ్లాసుల గుజ్జుకు రెండు గ్లాసుల బియ్యపు నూక, ఒకటిన్నర గ్లాసు బెల్లం తురుము, ఒక కొబ్బరిచెక్క తురుము, చిటికెడు ఉప్పు కలిపి రెండు గంటలు నాననివ్వాలి. మందపాటి ఇనుప మూకుడులో నూనె రాసి, పిండి పోసి, మూతపెట్టి, మూతమీద నిప్పులు వేసేవారు. కింద సెగ, పైన సెగ. నగరాలలో ఓవెను చేసే పనే మా పెరటి కుంపటి ఆనాడే చేసింది.

ఆ కిటుకు తెలిసినవారికి కేకు పరాయి వంట కాదు. మా ఇంట్లో పిల్లల పుట్టినరోజుకు చోడిపిండి కేకు చేస్తాము. ఒక గ్లాసు చోడిపిండి, ఒక గ్లాసు గోధుమపిండి, అరచెంచా వంటసోడా కలిపి జల్లించాలి. చోడిపిండికి గోధుమకున్న సాగే గుణం లేదు గనుక సగం సగం. ఒకటిన్నర గ్లాసు బెల్లం తురుము, గ్లాసు పుల్లని పెరుగు, అరగ్లాసు నూనె కలియగిలకొట్టి, పిండి చేర్చి, పైన పలాస జీడిపప్పు చల్లాలి. అడుగు మందపాటి గిన్నెలో రెండంగుళాల ఇసుక పోసి, పది నిమిషాలు వేడిచేసి, పళ్ళెం నిలబెట్టే మట్టు పెట్టి, పైన మూతవేసి సన్నని సెగమీద సుమారు ముప్పావుగంట ఉంచాలి. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి.

కాని ఈ కొలతలన్నీ సరుకు దొరికినన్నాళ్ళే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిమామిడి తోటలు నేలకూలిపోయాయి. తిరిగి నాటిన కొబ్బరి కాపుకు ఏళ్ళు పడుతుంది. తాడి సంగతి మరీ కష్టం. పన్నెండేళ్ళు దాటితేగాని కాపు పట్టదు. అందులోనూ పోతుతాడి కాయనే కాయదు. నేడు పొలంగట్లమీద ఉన్న తాళ్ళను కొట్టివేస్తే, మన మనుమలకు తాటిరొట్టె పుస్తకంలో మాటగానే మిగులుతుంది.

కౌజు పులుసులో కౌజును మార్చగలిగాము, మార్చవలసినదే. తాటిరొట్టెలో తాటిపండుకు మారుగా ఏమి వేస్తాము? కొన్ని వంటలు బతకాలంటే ప్రాణిని వదలాలి. కొన్ని బతకాలంటే చెట్టును నిలపాలి. ఏది వదలాలో, ఏది నిలపాలో తెలియడం కూడా వంటలో భాగమేనని మామ్మ మాటకు అర్థం.

మీ ఇళ్ళలో పెద్దవారు ఉన్నప్పుడే వారి వంటలు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. గ్లాసులు, చెంచాల లెక్కతో ఆగకండి. ఆ సరుకు ఏ చెట్టుది, ఏ మాసంలో వచ్చేది, ఏ పొలంలో పండేది, అదికూడా అడిగి రాయండి. వీలైతే ఆ పేజీ రాసిన సంవత్సరమే ఒక టెంక పాతండి.

మొన్న సంక్రాంతికి ఊరు వెళ్ళాను. మామ్మ ఇప్పుడు లేదు. దాక ఉన్నది. తెల్లవారుజామున మెట్టచేలో కౌజు కూసింది. మధ్యాహ్నం కౌజు పులుసు తిన్నాము.

సెలవు.