పాలుపోసిన సొరకాయ కూర



పండుగనాడు మోదుగ విస్తరిలో మొదట కన్నులకు బడునవి భక్ష్యములు, గారెలు, పులిహోర. వాని నడుమ నొక మూలగా తెల్లని కూర యొకటి యుండును. మీగడవలె చిక్కగా, నాలుకకు చల్లగా నుండు నా కూరను కారము తినలేని వృద్ధులును, అప్పుడప్పుడే అన్నమునకు అలవాటుపడుచున్న పసివారును మారడిగి తినుటను మీరు చూచియే యుందురు. అది పాలుపోసిన సొరకాయ కూర. దీనిని వండుట యెంత పని యని అందరు ననుకొందురు. కాని యిది రెండుచోట్ల వండువారిని మోసగించును. ఒకచోట పాలు విరుగును. రెండవచోట కాయ చేదగును. పాలు విరిగినచో కూర మాత్రమే చెడును. కాయ చేదైనచో తిన్న మనుష్యునికే చేటు. కావున రెండవదానిని గూర్చియే ముందుగ మనవి చేసెదను.

సొరకాయకు సంస్కృతమున అలాబు వనియు, తుంబి యనియు పేరులు. కోస్తా జిల్లాలవారు ఆనపకాయ యందురు. తెలంగాణపు పల్లెలలో అనిగెపుకాయ యను మాటయు వినబడును. హైదరాబాదు పాతబస్తీలో మీరాలం మండికి పోయి యడిగినచో అమ్మువాడు దానిని కద్దూ యనును. ఆ పాతబస్తీలోనే యొక వింత గలదు. ఒకే గోడ కటు నిటు నున్న రెండిండ్లలో ఈ కాయయు పాలును జతపడును. ముసల్మానుల యింట కాయను సన్నగా కోరి, పాలలో నుడికించి, సగ్గుబియ్యమును చక్కెరయు చేర్చి కద్దూకీ ఖీర్ చేయుదురు. అటువంటి పాయసమునకే గిలె ఫిర్దౌస్, అనగా స్వర్గపు మట్టి, యను పేరొకటి కలదు. మట్టికి ఇంతకంటె గౌరవము మరియెక్కడ దొరకును! మన యింట అదే కాయకు, అవే పాలకు చక్కెర బదులు ఉప్పును, నేతి పోపును చేర్చి కూర చేసితిమి. రుచులు వేరైనను జాగ్రత్త లొకటియే.

నవమినాడు సొరకాయ తినరాదని తిథినిషేధములు చెప్పువారు కలరు. కావున మా పెద్దలు మహర్నవమినాడు కాయను కోసి యుంచి, విజయదశమినాడు వండించెడివారు. శాస్త్రమునకు భంగము లేదు, నాలుకకును లోటు లేదు.

కాయ లేతదై యుండవలయును. పైని సన్నని నూగు పోక, గోరు ఒత్తినంతనే దిగవలయును. ముదిరిన కాయలో గింజలు గట్టిపడి, గుజ్జు బెండువలె నగును. అది పాలను పీల్చుకొనును గాని పాలతో కలిసిపోదు. కాయను తరుగుటకు ముందు ముచ్చిక వద్ద గోరంత ముక్క కోసి నాలుకపై నుంచి చూడవలయును. చేదు తగిలినచో వెంటనే ఉమిసి, నోరు పుక్కిలించి, కాయను పారవేయవలయును. పశువులకు సయితము వేయరాదు.

ఈ మాటను నేను అనుభవము మీద చెప్పుచున్నాను. ఒక పండుగనాడు మా గృహిణి ముక్క రుచి చూచి, "ఏమండీ, ఇది చేదుగా నున్నది, పప్పు వండెదను" అనెను. పాలు అప్పటికే కాగి యున్నవి, కాయ పెద్దది, పండుగపూట వస్తువు పారవేయుటకు నాకు చేతులు రాలేదు. "పాలు పోసి, కొంచెము బెల్లము వేసినచో చేదు విరుగును" అని శాస్త్రార్థము చెప్పినట్లు చెప్పితిని. ఆమె వండెను గాని పిల్లల విస్తళ్ళలో వడ్డింపలేదు. నేను మాత్రము మాట దక్కించుకొనుటకై నాలుగు ముద్దలు తింటిని. గంట గడువకమునుపే కడుపులో మంట, పిమ్మట వాంతులు, విరేచనములు. ఆ రాత్రి వైద్యుని వద్ద గడపితిని. ఆమె నన్నొక మాటయు ననలేదు. నాటినుండి మా యింట రుచి చూచు ముక్క నా చేతికే వచ్చుచున్నది.

ఆ చేదు వట్టి రుచి కాదు. సొర, దోస, బీర మొదలగు తీగజాతులలో కుకుర్బిటాసిను లనెడి విషద్రవ్యములు పుట్టును. అవి ఉడికించినను నశింపవు; పాలును బెల్లమును చేదును కప్పవచ్చును గాని విషమును హరింపలేవు. 2010వ సంవత్సరమున ఢిల్లీలో ఒక శాస్త్రజ్ఞుడు ఆరోగ్యమునకై సొరకాయ రసము త్రాగి మరణించెను. పిమ్మట భారత వైద్య పరిశోధనా మండలి నిపుణుల సంఘము నొకదానిని నియమించెను. ముందుగ చిన్న ముక్క రుచి చూడవలయుననియు, చేదైనచో ఏమాత్రమును పుచ్చుకొనరాదనియు ఆ సంఘము హెచ్చరించెను. ఈ విషమునకు ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. చేదుకాయ తిన్నవానికి వాంతులు, కడుపునొప్పి, నెత్తురు పడుట కనబడినచో ఇంటి చిట్కాలతో కాలము గడపక ఆసుపత్రికి చేర్పవలయును. వెనుకటి స్త్రీలు ముచ్చిక ముక్కను నాలుకపై వేసుకొనుటను చాదస్త మనుకొన్నవారిలో నేనును ఒకడను.

విత్తనములు దాచుకొను రైతులకు మరియొక మాట. చేదుకాయ కాచిన తీగనుండి గింజ తీయరాదు. తంబురాబుర్రలకును, పాములవాని బుర్రలకును పెంచెడి జాతులలో చేదువి కలవు. అట్టి చేదుసొర దగ్గరలో నున్నచో తేనెటీగలు పుప్పొడిని కలుపును. ఆ యేటి కాయ తీయగనే యుండవచ్చును. దాని గింజనుండి మరుసటి యేడు మొలచిన తీగ చేదుకాయలను కాయవచ్చును. నీరందక తీగ యెండబారినప్పుడును చేదు హెచ్చును. కావున నిన్నటి కాయ తీయగా నున్నదని అదే తీగకు గాచిన నేటి కాయను నమ్మరాదు.

ఇక వంట. ఒక కిలో కాయకు చిక్కని పాలు అరలీటరు, బియ్యపుపిండి రెండు చెంచాలు, పచ్చిమిరపకాయలు మూడో నాలుగో, నెయ్యి రెండు చెంచాలు చాలును. చెక్కు తీసి ముక్కలను చిన్నవిగా తరుగవలయును. సొరకాయలో నూటికి 95 పాళ్ళకు పైగా నీరే. కావున గిన్నె అడుగంటకుండ గుక్కెడు నీరు చల్లి మూత పెట్టినచో తన నీటిలో తానే యుడుకును. ముక్క వ్రేళ్ళ నడుమ నలిగినంతట మూత తీసి, మిగిలిన నీటిని ఇగురనీయవలయును. తొందరపడువారు ఈ నీటిని ఉంచియే పాలు పోయుదురు. అక్కడనే కూర చెడును.

పాలు ఏల విరుగునో తెలిసినచో జాగ్రత్త తనంత తానే వచ్చును. పాలలోని మాంసకృత్తులు కంటి కానని కణములై తేలియాడుచుండును. పులుపు తగిలినచో అవి యొండొంటి నంటుకొని గడ్డకట్టును, నీరు వేరగును. వేడి హెచ్చినకొలది కొద్దిపాటి పులుపే అందుకు చాలును. ఉప్పు దానికి తోడగును. కూరనీటిలో నాలుకకు తెలియనంత పులుపు సహజముగనే యుండును. కావున నీరు ఇగిరిన పిదప, సెగ తగ్గించి, ముందే కాచి గోరువెచ్చనగు వరకు ఆర్చిన పాలను పోయవలయును. ముందు కాచుట పాలకు పరీక్ష కూడ. పులిసిన పాలు అక్కడనే విరిగి, కాయ దక్కును. బియ్యపుపిండిని కొంచెము చల్లని పాలలో ఉండలు లేకుండ కలిపి పిమ్మట పోయవలయును. ఆ పిండి కూరను చిక్కబరచుటయే గాక పాలకణములు గుమిగూడకుండ అడ్డుపడును. ఐదారు నిమిషములు కలుపుచు సన్నని సెగపై నుంచి, గరిటె వెనుక పలుచగా పూత పట్టినంతట దింపవలయును. అంతకు మించి యుంచినచో, దింపిన పిదపయు చిక్కబడు స్వభావము గలది కావున వడ్డించువేళకు ముద్ద యగును.

దింపిన పిమ్మటనే ఉప్పు. చివర వేసిన ఉప్పు ముక్కకు పట్టదని కొందరు వాదింతురు. ముక్క మెత్తగా నుడికినచో పావుగంటలో పట్టును. నేను చూచినదే చెప్పుచున్నాను. నేతిలో మినపపప్పు, ఆవాలు, జీలకర్ర, చీల్చిన పచ్చిమిరప, కరివేపాకు, చిటికెడు ఇంగువ పోపు పెట్టి కలుపవలయును. పాతబస్తీలో దీనిని బగారా యందురు. పసుపు వలదు, ఈ కూరకు తెల్లదనమే యందము. నిమ్మకాయ పిండువారి చేతిని పట్టుకొని యాపవలయును.

తెలంగాణమున కొందరు బియ్యపుపిండికి బదులుగా దోరగా వేచిన నువ్వుల ముద్దను వేయుదురు. అది కమ్మనగును గాని రంగు తగ్గును, వృద్ధులకు కొంచెము బరువు. బీరకాయతోను ఇట్లే చేయవచ్చును. బీరకు సయితము ముక్క రుచి చూచుట తప్పదు.

మధ్యాహ్నము వండినది మధ్యాహ్నమే చెల్లవలయును. వేసవిలో సాయంకాలమునకే పులిసిపోవును. మిగిలినదానిని మరల వేడిచేయవలసి వచ్చినచో నేరుగ సెగపై పెట్టక, వేడినీటి గిన్నెలో దించి వెచ్చబెట్టవలయును.