అనుమానపు మనిషి గుండె

మిట్టమధ్యాహ్నం కావలి ట్రంకు రోడ్డు మీద ఒక ఆటో బైకు అద్దానికి రాసుకుపోయిందనుకోండి. అద్దం పగల్లేదు. అయినా బైకాయన మెడనరాలు ఉబ్బుతాయి, కావాలనే కొట్టాడంటూ ఆటోవాలా చొక్కా పట్టుకుంటాడు. పరిశోధకుల కన్ను ఈ కోపం మీద కంటే దాని వెనకున్న అనుమానం మీదే ఎక్కువ. ఎదుటివాడు చెడ్డవాడే అన్న లెక్క ఇంట్లోనూ ఆఫీసులోనూ వదలదు.

అమెరికాలోని నార్త్ కరోలినాలో 1950లలో వైద్యవిద్యార్థులు ఒక ప్రశ్నావళి నింపారు. పాతికేళ్ల తర్వాత వాళ్లలో 255 మంది సంగతి ఆరా తీస్తే, లోకం మీద కక్ష ఎక్కువున్న డాక్టర్లలో గుండెజబ్బులూ మరణాలూ ఎక్కువని తేలింది. ఈ ఫలితం 1983లో అచ్చయింది. వైద్యుల మీదే జరిగిన మరో అధ్యయనంలో మాత్రం ఆ సంబంధం కనిపించలేదు. కాబట్టి తీర్పు చెప్పేయడం తొందరపాటే.

ఒంట్లో జరిగేది మాత్రం తెలిసిందే. అడ్రినలిన్ ఎగదన్నుతుంది, బీపీ పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే గుణం హెచ్చుతుంది. పైగా ఇలాంటివాళ్లు సిగరెట్లూ ఎక్కువే కాలుస్తారు. కష్టానికి ఆదుకునే స్నేహితులేమో తక్కువ.

ఇది మనకు దూరపు సంగతేం కాదు. గోదావరి జిల్లాల్లో 45 పల్లెల మరణాలను పరిశీలిస్తే, దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులవే.

భారత్ సహా 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2016లో ఇంకో మాట చెప్పింది: తీవ్రమైన కోపం, కలత కలిగిన గంటలోపు గుండెపోటు ముప్పు రెట్టింపు. ఆ ఆవేశంలోనే బరువుపని కూడా చేస్తే మూడు రెట్లు.