ప్రవేశపరీక్షా స్వరూపము
(అనకాపల్లి వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



విద్య గొప్పదని మీకు వేఱుగ జెప్ప బనిలేదు. మన పిల్లలు మంచి పాఠశాలల వాకిటి వఱకు బోయి, లోపల నడుగిడజాలక మరలుటకు గల యొక చిన్న కారణమును మాత్రమే నేడు విన్నవించెదము.

మేమెఱిగిన యొక బాలుడు లెక్కలలో మిక్కిలి చుఱుకైనవాడు. పరీక్షలో నొక ప్రశ్నను విడిచెను గాని, ఉత్తరపత్రమున దాని వరుసను విడువడయ్యెను. తరువాతి జవాబులన్నియు నొక్కొక్క గడి పైకి జరిగినవి. లెక్క తప్పలేదు, గడి తప్పినది. దరఖాస్తు నింపించినవారము మేమే. ఆ పత్రమెట్లుండునో ముందుగా జూపవలెనని మాకు దోపలేదు. ఆ దోషము బాలునిది కాదు, మాది.

మనకు సమీపమున విజయనగరము చెంత గోరుకొండ సైనిక పాఠశాల 1962లో స్థాపింపబడెను. 2021-22 విద్యాసంవత్సరమునుండి బాలికలకును సైనిక పాఠశాలలలో బ్రవేశము గలదు. స్వచ్ఛందసంస్థలును ప్రయివేటు యాజమాన్యములును నడుపు పాఠశాలలు గూడ సైనిక పాఠశాలలుగా నామోదము పొందుటకు 2021లో గేంద్రప్రభుత్వ మనుమతించెను. వీనికిని బరీక్ష యొక్కటియే. కావున నొకసారి దాని స్వరూపమెఱిగినచో బెక్కు ద్వారములు తెఱవబడును.

2025 సంవత్సరపు విధానము ననుసరించి యాఱవ తరగతికి 125 ప్రశ్నలు, 150 నిమిషములు, 300 మార్కులు. అందు గణితము 50 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 3 మార్కులు. భాష, బుద్ధిపరీక్ష, సామాన్యజ్ఞానము అను మూడింటికి 25 చొప్పున బ్రశ్నలు, ఒక్కొక్కదానికి 2 మార్కులు. అనగా సగము మార్కులు గణితమునకే. ప్రశ్నకు సగటున 72 సెకనులే. తప్పు జవాబునకు మార్కులు కోయరు. కావున నేప్రశ్నను గూడ ఖాళీగా విడువరాదని బాలునికి జెప్పవలెను. ప్రతి విభాగమునను నూటికి 25, మొత్తమున నూటికి 40 వచ్చినగాని యర్హత లేదు; షెడ్యూల్డు కులములకును దెగలకును ఈ నియమము లేదు. ఒక్క గణితమునే నమ్ముకొని తక్కినవి విడిచినవాడు నష్టపోవును. అర్హత మాత్రముననే చోటు దొరకదు. శ్రేణి ననుసరించి పిలుపును, పిదప వైద్యపరీక్షయు నుండును.

ఆఱవ తరగతి పరీక్షను దెలుగున వ్రాయవచ్చును. తొమ్మిదవ తరగతికి నాంగ్లముననే. ఆఱవ తరగతికి వయస్సు మార్చి 31 నాటికి 10 ఏండ్లకు దక్కువగాని 12కు మించిగాని యుండరాదు. ఏడాది యేమఱినచో నవకాశమే పోవును.

ఇక గులసంఘముగా మనకు ముఖ్యమైనది ధ్రువపత్రము. ఇతర వెనుకబడిన తరగతులకు నూటికి 27 చోట్లు గలవు గాని, కులము కేంద్రప్రభుత్వపు జాబితాలో నుండవలెను. కుటుంబము సంపన్నశ్రేణికి జెందరాదు. రాష్ట్రజాబితా వేఱు, కేంద్రజాబితా వేఱు. రాష్ట్రపు బి.సి. పత్రముతో బోయి, కడపటి దినమున దహసీల్దారు కచేరీ చుట్టు దిరుగుట మనవారిలో దఱచు.

సోదరులారా! బెల్లము వండు సీమవారము. చెఱకెంత తీయనిదైనను బాక మెఱుగక దించినచో నచ్చు కట్టదు. మన పిల్లల తెలివియు నట్టిదే.

కావున మా ప్రార్థన మూడు విధములు. మొదటిది: సంఘభవనమున నాదివారములందు గడియారము పెట్టి, ముద్రిత ఓ.ఎం.ఆర్. పత్రములపై బిల్లలచే మాదిరి పరీక్షలు వ్రాయింపవలెను. ప్రకటనపత్రమున బరీక్షావిధానమంతయు నుచితముగానే దొరకును. దానికై వేలకు వేలు వెచ్చింప బనిలేదు. రెండవది: ధ్రువపత్రములను ముందుగనే సంపాదించి యిచ్చుటకు నిద్దఱు కార్యకర్తలను నియమింపవలెను. మూడవది: ఆ వసతిపాఠశాలలు రుసుము లేనివి కావు. గెలిచిన బీదబిడ్డ రుసుము గట్టలేక మరలకుండ దాతలు నిధి యేర్పఱుపవలెను.

పరీక్షలో దప్పినవాడు తెలివితక్కువవాడు కాడు. ఆ మాటయు నింట జెప్పుడు. కాని తెలియక తప్పుట యిక మన బిడ్డలకు గలుగరాదు. ఆ బాలుని గడి మఱియొక బాలునికి దప్పకుండ జూచుటయే మేము తీర్చుకొనదలచిన ఋణము.

స్వస్తి.