మంచుబండి మీద చలి దుస్తులు

స్నోమొబైల్ అనే మంచుబండి నడిపేవారిని ఎక్కువగా వణికించేది ఎదురుగాలి. కెనడాలో మైనస్ 20 డిగ్రీల రోజున గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళితే, ఒంటికి మైనస్ 35 డిగ్రీల చలి తగిలినట్టుంటుంది. అందుకే అక్కడ బట్టలు పొరలు పొరలుగా వేసుకుంటారు. ఒంటిని అంటుకునే పొర మెరీనో ఉన్నిదో పాలిస్టర్‌దో కావాలి. మన ఎండల్లో హాయినిచ్చే నూలు అక్కడ పనికిరాదు. చెమట పీల్చుకుని, తడిగానే ఉండి, ఒంటి వేడిని లాగేస్తుంది. దానిపైన ఫ్లీస్ అనే వెచ్చని బట్ట. ఆపైన గాలీ నీరూ చొరని కోటు, ఛాతీ దాకా వచ్చే ప్యాంటు. వేళ్లన్నీ ఒకేచోట ఉండే మిట్టెన్లు మామూలు గ్లౌజుల కన్నా వెచ్చన. రెండు జతల మేజోళ్లు బూటులో ఇరికిస్తే రక్తప్రసరణ తగ్గి పాదాలు ఇంకా చల్లబడతాయి. హెల్మెట్ కింద ముఖాన్ని కప్పే పలుచని ముసుగు ఉండాలి. వేలాడే మఫ్లర్ మాత్రం వద్దు, బండిలో తిరిగే భాగాల్లో చిక్కుకోవచ్చు.